ఐదు తరువాత ఆరు: పెద్దారవీడు ప్రాంతంలో మిడిల్ స్కూలు నడిచిన దారి

మన పల్లెల్లో పెద్దవాళ్లను "ఎంతవరకు చదివారు?" అని అడిగి చూడండి. చాలామంది నోట వచ్చే జవాబు ఒక్కటే. "ఐదుతో ఆపేశాం." ఆరు దాకా వెళ్లి మానినవారు తక్కువ. ఏడు దాటినవారు పది దాకా ఎలాగో ఈదుకొచ్చారు. ఐదుకూ ఆరుకూ మధ్య మాత్రం ఒక వాగు పారుతోంది. తరతరాలుగా మన బిడ్డలను ఆ వాగే ఆపింది.

ఆ వాగు మీద వంతెనగా నిలిచినదే మిడిల్ స్కూలు. దానిని ఒకప్పుడు హయ్యర్ ఎలిమెంటరీ స్కూలు అన్నారు. ఆ తరువాత అప్పర్ ప్రైమరీ అన్నారు. నేడు ప్రాథమికోన్నత పాఠశాల అంటున్నారు. పేరు ఏదైనా పని ఒక్కటే: చిన్న బడిలో అక్షరాలు నేర్చిన బిడ్డను చేయి పట్టుకొని పెద్ద బడి గుమ్మం దాకా తీసుకొని వెళ్లడం. మార్కాపురానికి చేరువలో, నల్లమల కొండల నీడన ఉన్న పెద్దారవీడు ప్రాంతంలో ఈ బడి ఎలా వచ్చిందో, ఎన్ని చేతులు మారిందో తెలిసికొనడం మన కుటుంబాలకు అవసరం. ఎందుకంటే ఈ బడి ఉండాలా వద్దా అనే ప్రశ్న మన కాలంలోనే మళ్లీ తలెత్తింది.

పల్లె చివర మొదలైన బడి

ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకు ముందు మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా కేంద్రానికి దూరం, వానలు తక్కువ, భూములు మెట్ట. ఊరిలో వీధిబడి ఉన్నచోట కూడా అది అగ్రకులాల అరుగుల మీదనే ఉండేది. పంతులుగారు ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు, ఎక్కాలు వల్లె వేయించేవారు. మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు ఆ అరుగు ఎక్కే వీలు లేదు.

ఆ పిల్లలకు బడి మరొక దారిన వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను 1866లో ఒంగోలులో కేంద్రాన్ని నెలకొల్పింది. జాన్ ఇ. క్లౌ దొరగారు అక్కడ పనికి దిగారు. ఆ తొలి దినాలలోనే పాఠశాల విషయమై ఆయనకు కఠినమైన పరీక్ష ఎదురైంది. అగ్రకులాలవారు మిషను బడిని ఆదరించడానికి సిద్ధమయ్యారు, కానీ అంటరానివారిని చేర్చుకోకూడదన్నారు. క్లౌ దొరగారు, దొరసానిగారు ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరు గదులలో ప్రార్థనలో ఉండి బైబిలు తెరువగా, ఇద్దరికీ 1 కొరింథీయులకు మొదటి అధ్యాయంలోని 26 నుండి 29 వచనాలే కనిపించాయని ఆయన తన జీవితచరిత్రలో చెప్పుకున్నారు. దేవుడు బలహీనులను ఏర్పరచుకొన్నాడని చెప్పే వచనాలవి. మాదిగలను చేర్చుకొన్నారు. అగ్రకులాల పిల్లలు బడి విడిచి వెళ్లిపోయారు. మిషను బడి ఎవరి పక్షాన నిలుస్తుందో ఆ దినమే తేలిపోయింది.

1876–78 నాటి ధాతకరువు తరువాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాలకు తెలిసినదే. అయితే వేలమంది విశ్వాసులు వచ్చినప్పుడు వేల కుటుంబాల పిల్లలు కూడా వచ్చారు. వారికి చదువు చెప్పేవారు ఎవరు? ఆ భారం కారణంగానే ఒంగోలు నుండి పడమటి దిక్కుకు కొత్త కేంద్రాలు వెలిశాయి. 1882లో కంభం, 1895లో మార్కాపురం కేంద్రాలు ఏర్పడ్డాయి. న్యూకూంబ్ దంపతులు కంభంలోను, మార్ష్ దంపతులు మార్కాపురంలోను సేవ చేశారు. గిద్దలూరు, నంద్యాల వైపు ఎస్.పి.జి. మిషను పనిచేసింది.

ఈ కేంద్రాల నుండి పల్లె పల్లెకు ఉపదేశి వెళ్లాడు. పగలు పిల్లలకు పంతులు, రాత్రి పెద్దలకు బోధకుడు, ఆదివారం కాపరి. మూడు పనులూ ఒక్కడే చేశాడు. చాలాచోట్ల ఉపదేశి భార్య ఆడపిల్లలకు చదువు చెప్పింది. ప్రార్థన మందిరమే బడి. జీతం కొంత మిషను ఇచ్చేది, కొంత సంఘస్థులు ధాన్యం రూపంలో కొలిచేవారు. తనిఖీకి నిలిచిన బడులకు మద్రాసు ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. మన తాతముత్తాతలలో తొలిసారిగా సంతకం పెట్టినవారు, బైబిలు తామే చదువుకొన్నవారు ఈ బడులలో కూర్చున్నవారే.

ఆ బడి ఎక్కడ ఆగింది?

అయితే ఆ బడికి ఒక హద్దు ఉంది. అది చిన్న తరగతుల బడి. ఒక్కడే పంతులు, ఒక్కటే గది. పై చదువు కావాలంటే మిషను కేంద్రంలోని బోర్డింగు స్కూలుకు పోవాలి. అక్కడ చేర్చుకొనేది కొద్దిమందినే. తెలివిగల ఒకరిద్దరు మార్కాపురమో కంభమో వెళ్లేవారు, మిగిలినవారు పశువుల వెంట పోయేవారు.

ప్రభుత్వ బడుల సంగతీ అంతే. ఆనాటి మద్రాసు రాష్ట్రంలో పై చదువుకు రెండు దారులు ఉండేవి. ఒకటి హైస్కూలు దారి. అందులో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను ఒకటవ, రెండవ, మూడవ ఫారాలు అనేవారు. ఫీజు కట్టాలి, ఇంగ్లీషు రావాలి, పట్నంలో ఉండాలి. రెండవది హయ్యర్ ఎలిమెంటరీ దారి. ఎనిమిది వరకు తెలుగులో చదువు, చివర ఇ.ఎస్.ఎల్.సి. అనే పరీక్ష. ఆ పరీక్ష గట్టెక్కినవారికి టీచరు ట్రైనింగుకు అర్హత దొరికేది. అందువల్ల పల్లెటూరి పేద బిడ్డకు ఎనిమిదో తరగతి అంటే గౌరవమైన బ్రతుకు. హయ్యర్ గ్రేడు ట్రైనింగు పొంది పంతుళ్లయినవారు ఎందరో తమ పల్లెల్లో తొలి ఉద్యోగస్థులయ్యారు. ఆ ఒక్క ఉద్యోగంతో తమ్ముళ్లు చదివారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి, పూరిల్లు మిద్దె అయింది. మిడిల్ స్కూలు విలువ అప్పుడు మన ఇళ్లలో కంటికి కనిపించింది.

జిల్లా బోర్డు నుండి మండలం దాకా

భారత రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950లోనే 45వ అధికరణం ఒక మాట చెప్పింది. పద్నాలుగేళ్లు నిండే వరకు పిల్లలందరికీ పదేళ్లలోగా ఉచిత నిర్బంధ విద్య అందించాలని. పద్నాలుగేళ్లు అంటే ఎనిమిదో తరగతి. అంటే మిడిల్ స్కూలు చదువు కూడా దేశం తన బిడ్డకు ఇచ్చిన మాటలోనే ఉంది. ఆ మాట చట్టంగా మారి అమలులోకి రావడానికి 60 ఏళ్లు పట్టింది.

ఆ దినాలలో ఊరి బడులు జిల్లా బోర్డుల క్రింద ఉండేవి. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వచ్చింది. ప్రాథమిక బడులు, ప్రాథమికోన్నత బడులు పంచాయతీ సమితులకు, హైస్కూళ్లు జిల్లా పరిషత్తులకు అప్పగించబడ్డాయి. 'సమితి బడి' అనే మాట అప్పుడే మన నోళ్లలో పడింది. ఇటు మిషను బడులకు విదేశీ సహాయం తగ్గుతూ వచ్చింది. కొన్ని ఎయిడెడ్ బడులుగా నిలిచాయి, కొన్ని సమితి బడులలో కలిసిపోయాయి, కొన్ని మూతబడ్డాయి. ఉపదేశి కూర్చున్న కుర్చీలో ప్రభుత్వ పంతులు కూర్చున్నాడు. మన పిల్లలూ ఊరి పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చొనే దినం మెల్లగా వచ్చింది. ఎన్ని ఊళ్లలో అది గొడవ లేకుండా వచ్చిందో, ఎన్ని ఊళ్లలో కుండ దగ్గర వేరు గ్లాసు ఎన్నాళ్లు నిలిచిందో మన పెద్దలకు తెలుసు.

1960లలో బడిలో అమెరికా పాలపొడితో కాచిన పాలు, ఉప్మా పెట్టారు. ఆ ఉప్మా వాసన నాటి విద్యార్థులకు నేటికీ గుర్తే. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చాక ఐదు తరువాత బయటి ఊరికి పోయి చదివే అవకాశం కొందరికి దొరికింది. కానీ ఇక్కడ మన కుటుంబాలకు ఒక ముడి పడింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఆ జాబితాలోకి రారు. 1970లో రాష్ట్ర ప్రభుత్వం వారిని వెనుకబడిన తరగతులలో 'సి' గ్రూపుగా చేర్చి ఒక శాతం రిజర్వేషను ఇచ్చింది. సర్టిఫికెట్టులో ఏమి వ్రాయించాలనే మథన ఆరో తరగతి దరఖాస్తు దగ్గరే మొదలయ్యేది. ఆ మథన ఇంకా తీరలేదు.

1985లో రాష్ట్రంలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పెద్దారవీడు మండల కేంద్రమైంది. సమితి బడి మండల పరిషత్తు బడి అయింది. నేడు ఊరి బడి గోడ మీద మనం చదివే 'మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల' అన్న పేరు అలా వచ్చింది. ఏడో తరగతికి ఉమ్మడి పరీక్ష ఉండేది. ఆ పరీక్ష కేంద్రానికి పిల్లలను ఎడ్లబండిలోనో లారీలోనో పంతుళ్లే వెంటబెట్టుకొని వెళ్లిన దినాలు ఎందరికో జ్ఞాపకం.

పలక చేసిన చేతికి పలక లేదు

మార్కాపురం పేరు దేశమంతటా తెలిసింది పలకల వలన. ఈ ప్రాంతపు నేలలో పొరలు పొరలుగా దొరికే నల్లరాతిని తవ్వి, పలుచగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే బడి పలక తయారవుతుంది. దేశంలో లక్షలాది పిల్లలు అ, ఆలు దిద్దినది ఈ రాతి మీదనే. అదే పలక మీద ఇక్కడి పిల్లలలో చాలామంది దిద్దలేదు. వారు పలకల ఫ్యాక్టరీలో ఉన్నారు. రాతిని రుద్దేటప్పుడు లేచే దుమ్ము పీల్చారు. వేళ్లు పగిలాయి. ఊపిరితిత్తులు చెడిపోయిన పెద్దల పక్కన కూర్చొని పిల్లలు చట్రాలు బిగించారు.

ఇది దాచితే దాగే సంగతి కాదు. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టును మొదలుపెట్టినప్పుడు దేశంలో తొలి విడతగా ఎంచిన కొద్ది ప్రాంతాలలో పలకల పరిశ్రమ కారణంగా మార్కాపురం ఒకటి. శివకాశి అగ్గిపెట్టెల పిల్లలతో పాటు మన పిల్లల పేరు కూడా ఢిల్లీ కాగితాల కెక్కింది. పనిలో నుండి తప్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు తెరిచారు. మధ్యాహ్నం భోజనం, చేతిపని శిక్షణ, నెలకు 100 రూపాయల భృతి ఇచ్చారు. అక్కడ కొంత చదువు పట్టుబడ్డాక మామూలు బడిలో చేర్చాలన్నది ఏర్పాటు. అలా చేరవలసిన తరగతి చాలామందికి ఐదో ఆరో అయ్యేది. దగ్గరలో మిడిల్ స్కూలు ఉంటే బిడ్డ నిలిచేవాడు, లేకుంటే తిరిగి పనికి పోయేవాడు.

ఇప్పుడు నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలక గిరాకీ తగ్గింది. అదే రాయిని గోడలకు, నేలలకు అలంకారంగా కోసి ఇతర దేశాలకు పంపుతున్నారు. బాలకార్మిక ప్రాజెక్టును 2021లో సమగ్ర శిక్షలో కలిపారు. కాని ఆ కథ నేర్పిన పాఠం పాతది కాలేదు. బిడ్డ రెండు చేతుల సంపాదన నేడు ఇంటికి ఆసరాగా కనిపిస్తుంది. అదే బిడ్డ ముప్పై ఏళ్లకు ఏ ఆసరా లేకుండా మిగులుతుంది.

ఆడపిల్ల దగ్గర ఆగిన బండి

"మగపిల్లవాడైతే సైకిలు మీద పోతాడు. ఆడపిల్లను అంత దూరం ఎట్ట పంపేది అయ్యగారూ?" ఈ మాట వినని కాపరి మన ప్రాంతంలో లేడు. 1991 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 44.09 శాతం. స్త్రీలలో 32.72 శాతమే. అంటే ప్రతి ముగ్గురు స్త్రీలలో ఇద్దరికి ఉత్తరం చదవడం రాదు. 2011 నాటికి స్త్రీల అక్షరాస్యత 59.15 శాతానికి పెరిగింది. ఈ ఇరవై ఏళ్లలో ఊరికి దగ్గరగా వచ్చిన బడులు చేసిన పని చిన్నది కాదు.

ఆడపిల్ల ఆరో తరగతిలోనే ఆగిపోవడానికి దూరం ఒక్కటే కారణం కాదు. ఆ వయసుకు ఆమె పెద్దమనిషి అవుతుంది. బడిలో మరుగుదొడ్డి లేకపోతే నెలకు కొన్నాళ్లు మానుతుంది. నాలుగు నెలలు అలా గడిస్తే పాఠం అందదు, పరీక్ష తప్పుతుంది, ఇంట్లో సంబంధాలు చూస్తారు. ఈ సంగతి గుర్తించే 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు పుట్టాయి. మొదట అవి సరిగ్గా 6 నుండి 8 తరగతులకే. చదువు మానిన ఆడపిల్లలకు ఉండడానికి, తినడానికి, చదువుకొనడానికి ఒకే చోట ఏర్పాటు. ఎక్కడ వాగు ఉందో అక్కడే వంతెన కట్టాలని ప్రభుత్వానికి కూడా తెలిసిందన్నమాట.

అన్నం విషయంలోను అదే వాగు కనిపిస్తుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత, 2003 జనవరి నుండి మన రాష్ట్రపు బడులలో వండిన అన్నం పెట్టారు. అది మొదట ఐదో తరగతి వరకే. ఆరుకు వచ్చిన బిడ్డ ఆకలితో కూర్చోవలసి వచ్చింది. కేంద్రం 2007 అక్టోబరులో వెనుకబడిన మండలాలకు, 2008–09లో దేశమంతటికి 6 నుండి 8 తరగతుల దాకా ఆ అన్నాన్ని పొడిగించింది.

కరువు, వలస, ముంపు

మన ప్రాంతంలో బడి హాజరును నిర్ణయించేది పంచాంగం కాదు, వాన. వాన రాని ఏట తల్లిదండ్రులు మిరపకోతలకు గుంటూరు వైపు, పల్నాడు వైపు పోతారు. చిన్నబిడ్డ చంకలో, పెద్దబిడ్డ వెంట. పెద్దబిడ్డే ఆరో తరగతి బిడ్డ. చిన్నదాన్ని చూసుకొనడానికి, కోతలో చేయి వేయడానికి పనికి వచ్చే వయసు అదే. తిరిగి వచ్చేసరికి సంవత్సర పరీక్షలు దగ్గర పడతాయి. వలస పోయినవారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడిపారు. అవ్వ తాతల దగ్గర బిడ్డను వదిలి వెళ్లే ధైర్యం అలాంటి ఏర్పాటు ఉన్నచోటనే వస్తుంది.

నీళ్ల కోసం తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో ఒకసారి, 2004లో మరొకసారి శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాలు సొరంగాల గుండా వస్తే ఈ ప్రాంతపు దాహం తీరుతుందని అందరి ఆశ. కాని ఆ జలాశయం కోసం పెద్దారవీడు మండలంలోని సుంకేసుల, కలనూతల, గుండంచర్ల వంటి ఊళ్లు ముంపు జాబితాలో చేరాయి. ముంపు అంటే ఇళ్లూ పొలాలే కాదు, గుడీ మందిరమూ బడీ కూడా. ఇంటికి పరిహారం లెక్క కడతారు. మధ్యలో తెగిపోయిన చదువుకు లెక్క కట్టేవారు లేరు. కనుక పునరావాసం మాట వచ్చినప్పుడు ఇంటి స్థలంతో పాటు బడి ఎంత దూరంలో ఉంటుందో అడగడం ఆ కుటుంబాల హక్కు.

నేడు ఎదుట ఉన్న ప్రశ్న

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైంది. మన రాష్ట్ర నియమాల ప్రకారం ఒక కిలోమీటరు లోపల ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్ల లోపల ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలి. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన 'నాడు–నేడు' పథకం వలన చాలా బడులకు నీళ్లు, మరుగుదొడ్లు, రంగులు వచ్చాయి. తల్లుల ఖాతాలకు డబ్బు చేర్చే పథకాలు 2020లో అమ్మఒడి పేరుతో, 2025లో తల్లికి వందనం పేరుతో నడిచాయి.

ఇంకొక వైపు, పిల్లల సంఖ్య తగ్గుతూ వచ్చింది. కొందరు ప్రైవేటు బడుల బస్సులెక్కారు, కొందరు వలస పోయారు. 2022లో 117 నంబరు ఉత్తర్వుతో పాఠశాలలను మళ్లీ అమర్చి, 3 నుండి 5 తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించారు. తల్లిదండ్రుల నుండి అభ్యంతరాలు వచ్చాయి. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేసి తొమ్మిది రకాల బడులుగా మరొక అమరిక చేశారు. ఈ రెండు అమరికలలోను ఎక్కువగా అటూ ఇటూ అయినది మధ్యలోని బడే. పిల్లలు తగ్గితే దానిని క్రిందికి దించి చిన్న బడి చేస్తారు, పెరిగితే పైకి లేపి హైస్కూలు చేస్తారు.

ఇందులో ఒక న్యాయం ఉంది. పదిమంది పిల్లలకు మూడు తరగతులు, లెక్కలకు ఒక టీచరు, సైన్సుకు ఒక టీచరు ఇవ్వడం కష్టం. పెద్ద బడిలో ప్రతి పాఠానికీ పంతులు ఉంటాడు, ప్రయోగశాల ఉంటుంది. కాని కాగితం మీద మూడు కిలోమీటర్లు వేరు, వాగు దాటి పన్నెండేళ్ల ఆడపిల్ల నడిచే మూడు కిలోమీటర్లు వేరు. బడి దూరమైన ప్రతిసారి మొదట ఇంటి దగ్గర ఆగిపోయేది ఎవరో ఈ చరిత్ర అంతా చెబుతూనే ఉంది.

మనం చేయగలిగినది

ప్రియమైన తల్లిదండ్రులారా, చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికి ఒక యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సగంమంది స్త్రీలు ఉండాలి. ఆ ఎన్నిక దినాన కూలి పోతుందని మానకండి. బడిని మార్చాలన్నా, మూయాలన్నా, ముందుగా మాట్లాడవలసిన చోటు అదే. దూరపు బడికి పంపినప్పుడు పిల్లలకు రవాణా భత్యం అడగవచ్చు. మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటే తెరిపించవచ్చు.

సంఘ పెద్దలారా, ప్రతి సంవత్సరం ఏప్రిల్ నెలలో మన సంఘంలో ఐదో తరగతి ముగించిన పిల్లల పేర్లు వ్రాసి పెట్టుకోండి. జూన్‌లో బడులు తెరిచాక అదే జాబితా చేత పట్టుకొని ఇంటింటికి వెళ్లండి. ఆరులో ఎవరు చేరారు, ఎవరు చేరలేదు అని అడగండి. చేరని బిడ్డ ఇంట్లో కారణం తప్పక ఉంటుంది. సర్టిఫికెట్టు రాకపోవచ్చు, తల్లి జబ్బు కావచ్చు, వలస కావచ్చు, సైకిలు లేకపోవచ్చు. వీటిలో సగం కారణాలు నలుగురు కలిస్తే వారంలో తీరేవే. నలుగురు ఆడపిల్లలు కలిసి పోయేటట్లు ఒక పెద్దావిడ తోడు నడిచినా చాలు.

ఒకప్పుడు మన మందిరమే బడి, మన ఉపదేశే పంతులు. నేడు బడి ప్రభుత్వానిది, పంతులు ప్రభుత్వం పంపినవారు. అయినా బిడ్డ మనదే. నూరేళ్లకు పైగా ఎందరో మోసిన ఈ పలక, ఆరో తరగతి గుమ్మం దగ్గర జారిపడకుండా చూసే పని మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది.